స్పెక్ షీట్ చెప్పేదెంత, చేతికి తెలిసేదెంత

నమస్తే. కిలోన్నర లోపు బరువుండే ఖరీదైన లాప్‌టాప్‌లు రెండు మూడు ఎంచుకుని, ఏది తీసుకోవాలో తేలక ఆగిపోయారా? అయితే ఈ వీడియో మీకే. స్పెక్ షీట్‌ని వడపోతకి వాడదాం. అసలు ఎంపిక కంటితో, చేత్తో చేద్దాం.

ముందు వడపోత. ఇంత సన్నటి మెషీన్లలో ర్యామ్ దాదాపు ఎప్పుడూ బోర్డుకే సోల్డర్ అయి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. అందుకే 16 జీబీ కన్నా తక్కువుంటే పక్కన పెట్టేయండి. వర్చువల్ మెషీన్లు (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడపడం), వీడియో ఎడిటింగ్ ఉంటే 32 తీసుకోండి. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ సిరీస్‌లో ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది. అక్కడ 256వీ అంటే 16 జీబీ, 258వీ అంటే 32 జీబీ. ఈ రెంటికీ తేడా అదే, 258 అన్నంత మాత్రాన వేగం పెరగదు.

తర్వాత మీ పనికి అడ్డం పడేవి చూడండి. స్నాప్‌డ్రాగన్ చిప్ (ఇంటెల్ రకం కాదు, ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం) ఉన్న విండోస్ మెషీన్లలో మామూలు యాప్‌లు చాలావరకు ఎమ్యులేషన్‌తో, అంటే ఇంటెల్ రకానికి రాసినవాటిని అనువదించుకుంటూ నడిచిపోతాయి. డ్రైవర్లు, అంటే పరికరాలని నడిపే సాఫ్ట్‌వేర్, మాత్రం అలా నడవవు. పాత స్కానర్‌కో, ఆఫీసు వీపీఎన్‌కో ఆర్మ్ డ్రైవర్ లేకపోతే అది పనిచేయదు, అంతే. మ్యాక్‌బుక్ ఎయిర్ చూస్తున్నవాళ్లు మానిటర్ల లెక్క చూసుకోవాలి. ఎమ్1, ఎమ్2 చిప్ ఉన్న మోడళ్లు బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతాయి. ఎమ్3లో రెండు పెట్టొచ్చు, కానీ మూత మూయాలి. ఎమ్4లో మూత తెరిచి ఉన్నా రెండు వస్తాయి.

ఇప్పుడు ప్రాసెసర్. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. చిప్ పేరు ఒకటే అయినా రెండు లాప్‌టాప్‌లలో వేగం ఒకటే కాదు. కారణం వాట్లు. పని మీద పడగానే చిప్ కొద్దిసేపు ఎక్కువ కరెంటు లాగి పరుగెడుతుంది. లోపల వేడెక్కాక, ఆ బాడీ ఎంత వేడిని బయటికి పంపగలదో అంతకే దిగిపోతుంది. చిన్న బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) కొలిచేది ఆ మొదటి పరుగునే. ఫ్యాన్ లేని మోడళ్లలో ఈ దిగడం ఇంకా ఎక్కువ.

కాబట్టి సినీబెంచ్ అనే బెంచ్‌మార్క్ యాప్‌లో మల్టీకోర్ పరీక్ష ఒకసారి తిప్పి స్కోరు రాసుకోండి. తర్వాత 10 నిమిషాలు ఆపకుండా తిప్పి మళ్లీ చూడండి. పదో వంతు తగ్గితే పరవాలేదు. మూడో వంతు పడిపోతే పెద్ద వీడియో ఎక్స్‌పోర్టులకి ఆ మెషీన్ వద్దు. బ్రౌజరు, డాక్యుమెంట్లు, కాల్స్ మాత్రమే అయితే ఈ పరీక్ష మర్చిపోండి, మీకా తేడా తెలియదు. అప్పుడు ఫ్యాన్ లేకపోవడమే సుఖం. ఛార్జర్ తీసేసి కూడా ఒకసారి తిప్పండి. కొన్ని మోడళ్లు బ్యాటరీ మీద బాగా నెమ్మదిస్తాయి.

బ్యాటరీకి 'ఇన్ని గంటలు' అన్న మాట వదిలేసి వాట్-అవర్ (బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత) చూడండి. 54 వాట్-అవర్ బ్యాటరీ, సగటున 6 వాట్లు లాగే పని: 9 గంటలు. అదే పనికి 9 వాట్లు లాగే మెషీన్ 6 గంటలకే ఆగుతుంది.

ఆ వాట్లలో పెద్ద వాటా స్క్రీన్‌ది. 14 అంగుళాల్లో 1920 బై 1200 అంటే అంగుళానికి దాదాపు 162 పిక్సెళ్లు, 2880 బై 1800 అంటే 243. అక్షరాల అంచులు నున్నగా కనిపించేది రెండో దానిలోనే. ఓలెడ్‌లో (ప్రతి పిక్సెల్ తానే వెలిగే రకం స్క్రీన్) నలుపు అద్భుతం, కానీ తెల్లటి పేజీలు ఎక్కువ కరెంటు తింటాయి. పైగా కొన్ని ప్యానెళ్లు వెలుతురు తగ్గించినప్పుడు మిణుకుమంటాయి. మామూలు కంటికి అది కనిపించకపోయినా, కొందరికి తలనొప్పి వస్తుంది. పట్టుకోవాలంటే బ్రైట్‌నెస్ బాగా తగ్గించండి, ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/2000 పెట్టి స్క్రీన్ వైపు చూపించండి. నల్లటి చారలు దట్టంగా కనిపిస్తే మిణుకు ఉన్నట్టే.

ఇక చేతి పరీక్ష. ఓ పేరా తెలుగులో, ఓ పేరా ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. కింది మూలని ఒంటి చేత్తో పట్టి ఎత్తండి. బాడీ వంగి ట్రాక్‌ప్యాడ్ దానంతటదే క్లిక్ అయితే ఆ మెషీన్ వదిలేయండి. ఒళ్లో పెట్టుకుని టైప్ చేస్తూ స్క్రీన్ ఊగుతోందేమో చూడండి. పోర్టుల గురించి ఒక్కటే: ఛార్జింగ్ రెండు వైపులా ఎక్కితే మేలు. బరువు చూసేటప్పుడు ఛార్జర్‌నీ కలిపి తూచండి.

చివరి పరీక్ష ఇంట్లో, వాపసు గడువు దాటకముందే చేయాలి. రాత్రి మూత మూసేముందు బ్యాటరీ శాతం రాసుకుని పొద్దున్న చూడండి. విండోస్ మెషీన్లలో మూత మూసినా లోపల కొంత పని సాగుతూ ఉంటుంది, అందుకే బ్యాగులో వేడెక్కడం, బ్యాటరీ కారిపోవడం. 8 గంటల్లో 8 శాతం కన్నా ఎక్కువ పోతే ముందు అప్‌డేట్లన్నీ వేయండి. తగ్గకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత మూస్తే స్లీప్ బదులు హైబర్నేట్ (తెరిచి ఉన్నవన్నీ డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోవడం) అవ్వాలని పెట్టండి. తెరిచినప్పుడు కొన్ని సెకన్లు ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యం మీకు చిరాకనిపిస్తే గడువులోగా వాపసు ఇచ్చేయండి.