వానలోనే చూడాల్సిన చోటు: డౌట్‌ఫుల్ సౌండ్

నమస్తే అండి. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో నైరుతి మూలన ఉన్న ఫియోర్డ్‌లాండ్‌కు వచ్చాం. తెల్లవారినప్పటి నుంచి ఒకటే వాన. "ఈ వానలో ఏం చూస్తారమ్మా?" అని అత్తయ్య ఫోనులో బెంగపడ్డారు. వానే కదా అత్తయ్యా ఇక్కడ చూడాల్సింది! హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురిస్తే, ఇదే ప్రాంతంలోని మిల్‌ఫర్డ్ సౌండ్‌లో 6,000కు పైగా కురుస్తుంది. సౌండ్ అంటే ఇక్కడ చప్పుడు కాదండోయ్, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ.

మిల్‌ఫర్డ్‌కు నేరుగా రోడ్డుంది కాబట్టి మనవాళ్లు అది చూసి వెనుదిరుగుతారు. డౌట్‌ఫుల్ సౌండ్‌కు ముందు పడవలో మనపౌరి సరస్సు దాటాలి, తర్వాత బస్సులో విల్మట్ కనుమ ఎక్కి దిగాలి, అక్కడ మళ్లీ పడవ. సరస్సునూ, సౌండ్‌నూ తొలిచింది హిమానీనదాలే. సముద్రం చొరబడిన లోయ సౌండ్ అయింది, చొరబడలేనిది సరస్సయింది. మనపౌరి లోతు 444 మీటర్లు. దాని అడుగు సముద్రమట్టం కంటే ఎంతో కింద ఉంది. జలవిద్యుత్తు కోసం ఈ సరస్సు మట్టాన్ని పెంచాలనుకున్నప్పుడు, 1970లో సుమారు 2,65,000 మంది వద్దని సంతకాలు చేశారు. అప్పటి దేశ జనాభాలో దాదాపు పదో వంతు! విద్యుత్ కేంద్రం కట్టారు గానీ మట్టం పెంచలేదు. ఈ మాట చెబుతుంటే నాకు ఒళ్లు పులకరిస్తోంది.

ఇప్పుడు సౌండ్‌లో ఉన్నాం. పడవను కొండకు బాగా దగ్గరగా తెచ్చారు, చూడండి. నిట్టనిలువు రాయి, పిడికెడు మట్టి లేదు. నాచులో వేళ్లు పెనవేసుకుని చెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. పెద్ద వానకు ఒకటి పట్టు తప్పితే పక్కవాటినీ లాక్కుని మొత్తం నీళ్లలోకి జారిపోతాయి. అదిగో, ఆ బూడిదరంగు చార అలా ఏర్పడిందే. దాని అంచున అప్పుడే పచ్చగా నాచు మొదలైంది.

నీళ్ల రంగు గమనించారా? పాలు కలపని టీలా ఉంది. అడవిలో కుళ్లిన ఆకుల రంగు వాన నీటిలో దిగి, ఆ మంచినీరు బరువైన ఉప్పునీటిపై పొరలా తేలుతుంది. అది వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి, మామూలుగా లోతైన సముద్రంలో పెరిగే నల్ల పగడం ఇక్కడ చాలా పైనే పెరుగుతుంది. పేరుకు నల్లదే, బతికున్నప్పుడు పైకి తెల్లగా కనిపిస్తుంది.

వచ్చేవారు పొడవు చేతుల చొక్కాలు తప్పక తెచ్చుకోండి. శాండ్‌ఫ్లైలనే చిన్న ఈగలు విపరీతంగా కుడతాయి. ఇంత అందమైన చోట మనుషులు తిష్ఠ వేయకూడదని హినె-నుయి-తె-పో అనే దేవతే వాటిని వదిలిందని ఇక్కడి మూలవాసులైన మావోరీలు చెబుతారు.