బొమ్మ బాగుంది, కింద ఆ మాటే వద్దు | ఒరాకిల్ డెక్ రివ్యూ

అందరికీ నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ఒరాకిల్ డెక్, అంటే జోస్యానికి వాడే బొమ్మల కార్డుల కట్ట, నేను కొనలేదు, కంపెనీవాళ్లే పంపించారు. డబ్బులివ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని ఈ వీడియో చూశాక వాళ్లే అనుకుంటారేమో. ఎన్ని కార్డులు, ఎంత మందం, రేటెంత, ఇవన్నీ అన్‌బాక్సింగ్ వీడియోల్లో ఈపాటికి చూసే ఉంటారు. వాటి జోలికి వెళ్లను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క ముక్క. నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. పొద్దున్నే పనిలో కూర్చునే ముందు ఒక కార్డు తీసి, కాసేపు చూసి, నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాసుకుంటాను. బొమ్మలో ఏముంది, నా చేతిలో ఉన్న పనిలో అలాంటిదేముంది, ఇవాళ ఏం చేస్తాను. అంతే. ఇందులో జోస్యం లేదు. మా అత్తయ్యగారు మాత్రం ఇప్పటికీ గదిలోకి తొంగిచూసి "చిలకేదమ్మా?" అంటారు.

ఇలాంటి బొమ్మల కార్డుల్లో టారో అని ఇంకో రకం ఉంది. టారో అంటే లెక్క ప్రకారం 78 కార్డులు. 22 పెద్దవి, 56 చిన్నవి. మన పేకలో ఇస్పేటు, ఆటీను ఉన్నట్టు ఇందులో కర్రలు, కప్పులు, కత్తులు, నాణేలు. అసలు 15వ శతాబ్దంలో ఇటలీలో ఇది ఉత్త పేకాటే, జోస్యం తర్వాతెప్పుడో అంటుకుంది. ఒరాకిల్‌కి ఈ లెక్కలేమీ లేవు, తయారుచేసేవాళ్ల ఇష్టం.

సరే, డెక్‌కి వద్దాం. బాక్సు బాగుంది, మూత టక్కుమని అయస్కాంతంతో పడుతుంది. అంచులకి బంగారు పూత పూశారు, కొత్తలో కార్డులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, కలిపేటప్పుడు వేళ్లకి మెరుపు అంటుతుంది. మన హైదరాబాద్ వానలకి కార్డులు కొంచెం వంగాయి కూడా. ఇవన్నీ సర్దుకుపోవచ్చు.

నా గొడవంతా ప్రతి బొమ్మ కిందా అచ్చేసిన మాటతో. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. ఒకావిడ ఏటి ఒడ్డున నిలబడి దీపం వదులుతోంది. ఎంత బాగా వేశారో చూడండి, ఆ నీళ్లలో పసుపు, నీలం ఎలా కలిశాయో. కింద ఏముంది? బంగారు అక్షరాలతో, ఇంత లావున, "ట్రస్ట్". చదివేశాక ఇంక బొమ్మెవరు చూస్తారండీ? మొదటిసారి ఈ కార్డు వచ్చిన రోజు నోట్‌బుక్‌లో "నమ్మాలి" అని రాశాను. దేన్ని? పేమెంట్ వస్తుందనా?

తర్వాత ఒకరోజు ఆ మాట మీద బొటనవేలు పెట్టి చూశాను. అప్పుడు కనబడింది, అవతలి ఒడ్డున ఒక కుక్క. చిన్నది, వేలిగోరంత. దీపాన్ని చూడట్లేదు, ఆవిడనే చూస్తోంది. ఆవిడ ఒక కాలు అప్పటికే నీళ్లలో ఉంది. దాటబోతోందా, జారుతోందా? ఆ వారం నేను వేస్తున్న కథలో సరిగ్గా ఈ ఇబ్బందే. పిల్లాడు చెరువు దగ్గర నిలబడి ఉంటాడు, బొమ్మలో కదలికే రావట్లేదు. ఒక కాలు నీళ్లలో పెట్టించాను, పేజీ లేచింది. ఇంత సరుకున్న బొమ్మ కింద ఆ మాట అచ్చువేసి కూర్చున్నారు! మాస్కింగ్ టేపు వేసి చూశా, తీస్తే బంగారు పూత సగం ఊడొచ్చింది. ఇప్పుడు స్టికీ నోట్ కత్తిరించి అంటిస్తున్నా.

మాటలంటే నాకు పడదని కాదు. 1975లో సంగీతకారుడు బ్రయన్ ఈనో, చిత్రకారుడు పీటర్ ష్మిట్ కలిసి పని ఆగిపోయిన కళాకారుల కోసం ఒక పేక చేశారు, అందులో అన్నీ మాటలే. అది బాగానే పనిచేస్తుంది, పక్కన బొమ్మ లేదు కాబట్టి. మన నిర్మల్ గంజీఫా, అంటే పాతకాలపు పేక ముక్కలు చూడండి, గుండ్రంగా, చేత్తో వేసినవి, వాటికి బొమ్మే చాలు.

నా పాత డెక్ ఇదీ. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల మధ్య దొరికింది, మూలలు అరిగిపోయాయి. 1909లో లండన్‌లో వచ్చిన రైడర్ వెయిట్ టారోకి కాపీ. పెద్ద కార్డులకి ఇందులోనూ పేర్లుంటాయి, కాదనను. కానీ "హెర్మిట్", అంటే సన్యాసి, అని ఉంటే అది ఎవరో చెప్తుంది, నేనేం చేయాలో చెప్పదు. చిన్న కార్డుల్లో రెండు నుంచి పది దాకా అయితే ఉత్త అంకెలే. ఈ మూడు నాణేల కార్డు చూడండి, చర్చిలో శిల్పి పని చేస్తుంటే ఇద్దరు ప్లాన్ పట్టుకుని నిలబడ్డారు. క్లయింట్లు! ఇదొచ్చిన రోజు ఫోన్ సైలెంట్‌లో పెట్టి, పని అయ్యాకే తీస్తాను. ఎనిమిది నాణేల కార్డులో ఒకడు బల్ల మీద కూర్చుని నాణెం చెక్కుతుంటాడు. ముందు చెక్కినవి పక్కన వరసగా వేలాడుతుంటాయి, ఊరేమో ఎక్కడో వెనకాల. నాకు బాగా ఇష్టమైన కార్డు ఇదే.

ఈ బొమ్మలన్నీ వేసింది పమేలా కోల్మన్ స్మిత్. రైడర్ పబ్లిషరు, వెయిట్ బొమ్మలు వేయించినాయన, డెక్‌కి ఆ ఇద్దరి పేర్లే. ఆవిడ పేరు దశాబ్దాలపాటు మాయం. పెద్ద పని, డబ్బు మాత్రం చాలా కొంచెం అని ఆ ఏడాదే ఒక ఉత్తరంలో రాసుకుంది. కానీ ప్రతి కార్డు మూలన మెలితిరిగిన తన సంతకం పెట్టింది, జూమ్ చేస్తున్నా, చూడండి.

ఇది చూశాక కొత్త డెక్‌లో కూడా సంతకం వెతికాను. కార్డుల మీద లేదు. బాక్సు మీద లేదు. గైడ్‌బుక్ ఆఖరి పేజీలో, కాపీరైట్ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది ఆర్టిస్టు పేరు. "ట్రస్ట్"కి మాత్రం బంగారం! ఇక్కడ నాకు ఒళ్లు మండింది, ఈ డెక్ మీద నా తీర్పు కూడా ఇక్కడే అయిపోయింది. బొమ్మలకి పదికి తొమ్మిది, డెక్‌కి నాలుగు. ఆ రేటుకి కొనకండి. మొదలుపెట్టాలనుకుంటే మామూలు టారో చాలు, గైడ్‌బుక్ ఒక నెల అల్మారాలో పడేయండి.

ఈ డెక్ నేను ఉంచుకోను. మీరు ఏం పని చేస్తారో, బొమ్మలా, కథలా, కుట్టుపనా, కామెంట్‌లో రాయండి, ఒకరికి పంపిస్తా. స్టికీ నోట్లు అన్ని కార్డులకీ అంటించే పంపిస్తా.