వడ్డనకు ముందు పది నిమిషాలు

శ్రోతలందరికీ నమస్కారం.

మన పెళ్లిళ్లలో బంతి సాగుతున్నప్పుడు ఒక మనిషిని మీరు గమనించే ఉంటారు. ఆయన చేతిలో గరిటె ఉండదు. వరుస చివర నిలబడి, ఏ విస్తరిలో పప్పు అయిపోయిందో, ఏ పెద్దాయన మొహమాటంతో అడగలేకపోతున్నారో కనిపెట్టి, వడ్డించే కుర్రవాళ్లను పేరుపెట్టి పిలిచి పంపుతుంటాడు. ఎంత రద్దీలోనైనా ఆయన గొంతు పెరగదు. హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులకు వ్యక్తిగత, సామాజిక, నాయకత్వ నైపుణ్యాలు కావాలని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు గుర్తుకు వచ్చేది ఆయనే.

2019లో యునెస్కో ఆహార సంస్కృతి విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించిన ఊరు మన హైదరాబాద్. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చుని తినగల భోజన బల్ల ఉంది. ఇటువంటి నగరంలో హోటల్ చదువుకు కొదవ లేదు. ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, వంట, వడ్డన అనే నాలుగు విభాగాలనూ కళాశాలలు శ్రద్ధగానే నేర్పుతున్నాయి. అయితే అతిథి ముందు తడబడకుండా నిలబడటం, తోటివారిని కలుపుకొని పని నడిపించడం పాఠం చెబితే వచ్చేవి కావు. పని అప్పగిస్తేనే వస్తాయి.

నేను కొన్నేళ్లు ఈ నగరంలోని ఒక కళాశాలలో వడ్డన పాఠాలు చెప్పాను. మొదటి రోజుల్లో ఒక పొరపాటు చేశాను. ట్రైనింగ్ రెస్టారెంట్‌లో ప్రతిసారీ, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే ఇద్దరు ముగ్గురినే కెప్టెన్లుగా, అంటే వడ్డన బృందాన్ని నడిపించేవారిగా, నిలబెట్టేవాడిని. మిగిలినవారు పళ్లేలు మోసి, చెప్పింది విని, అలాగే చదువు ముగించుకొని వెళ్లిపోయారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆ తరువాత వంతులు పెట్టాను.

ఒకనాడు ఆ వంతు నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి వచ్చింది. తరగతిలో ఆమె గొంతు నేను పెద్దగా విన్నది లేదు. ఆనాటి భోజనంలో మొదటి వంటకం లుఖ్మీ. మైదాతో చతురస్రంగా చేసి, లోపల కీమా పెట్టి వేయించే ఈ వంటకం హైదరాబాద్ విందుల్లో మీరు తినే ఉంటారు. శాకాహారులకు కూరగాయలతో చేసినవీ ఉన్నాయి కానీ, పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందుకని కీమా పళ్లెంలో నిమ్మ బద్ద, కూరగాయల పళ్లెంలో పుదీనా చట్నీ పెట్టాలని వంటగదిలో నిర్ణయించారు. వడ్డనకు ముందు కెప్టెన్ అందరినీ నిలబెట్టి ఆనాటి సంగతులు చెప్పే పది నిమిషాల బ్రీఫింగ్‌లో ఆ అమ్మాయి ఈ సంగతి తెలుగులోనే చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, అక్కడ ఉన్న ప్రతి ఒక్కరి చేతా తిరిగి చెప్పించింది.

వడ్డన మొదలైన కాసేపటికి నాలుగో టేబుల్ వద్ద ఒక పెద్దావిడ ముందున్న పళ్లెంలో నిమ్మ బద్ద కనిపించింది. ఆవిడ శాకాహారి. లుఖ్మీ తుంచుతున్నారు. ఆ అమ్మాయి పరుగెత్తలేదు, కేక వేయలేదు. నాలుగు అంగల్లో దగ్గరికి వెళ్లి, కొంచెం వంగి, "అమ్మా, క్షమించండి. ఇందులో మాంసం ఉంది. పొరపాటు మాది" అని చెప్పి పళ్లెం తీసేసింది. చేతులు కడుక్కోవడానికి దారి చూపించి, ఈలోగా బల్ల మీది గుడ్డతో సహా అన్నీ మార్పించి, కొత్త పళ్లెం తానే తెచ్చింది. తప్పు వంటగదిదని గానీ, తెచ్చిన అబ్బాయిదని గానీ ఆమె అనలేదు. అనుభవజ్ఞులైన సిబ్బంది కూడా ఇటువంటప్పుడు ఆ మాట అనేయడం నేను విన్నాను. కాసేపటికి ఆ పెద్దావిడే ఆమెను పిలిచి ఏ ఊరమ్మా అని అడిగారు.

అతిథులు వెళ్లాక అందరం కూర్చున్నాం. పొరపాటున కీమా పళ్లెం తెచ్చిన అబ్బాయి తల దించుకొని ఉన్నాడు. అతడు బ్రీఫింగ్ వేళకు నాప్‌కిన్ల కోసం లినెన్ రూమ్‌కు వెళ్లాడనీ, నిమ్మ బద్ద సంగతి అతనికి తెలియనే తెలియదనీ అప్పుడు బయటపడింది. ఆ అమ్మాయి, "మాట్లాడటం మొదలుపెట్టే ముందు నేను తలలు లెక్కపెట్టలేదు" అంది. ఆ మరుసటి రోజు నుంచి ప్రతి బ్రీఫింగ్ తలల లెక్కతోనే మొదలైంది. వంటగదివారు కూరగాయల లుఖ్మీని త్రికోణంగా కోయడం మొదలుపెట్టారు.

ఈ ప్రసంగం వింటున్న అధ్యాపకులను నేను కోరేది ఒక్కటే. వడ్డనకు ముందు ఆ పది నిమిషాల బ్రీఫింగ్‌ను విద్యార్థులకు వంతులవారీగా అప్పగించండి. చెప్పవలసిన సంగతులు ముందురోజే తమ చేతిరాతతో, తమకు వచ్చిన భాషలో రాసుకోనివ్వండి. ఇంగ్లీషు అవసరమే, కాదనను. కానీ నోరు విప్పడం అలవాటైన పిల్లలకు ఇంగ్లీషు త్వరగా పట్టుబడటం నేను మళ్లీ మళ్లీ చూశాను. ఆ పది నిమిషాలూ మీరు వెనుక నిలబడండి. వాళ్లు తడబడినా, ఏదైనా మరచిపోయినా, అతిథికి హాని కలిగేది కాకపోతే మధ్యలో అందుకోకండి. చెప్పవలసింది వడ్డన అయ్యాక చెప్పండి. ఇది కష్టమే, నాకు అలవాటు కావడానికి ఒక సెమిస్టర్ పట్టింది. ఇక వంతుల పట్టిక వేసేటప్పుడు, ఇంతవరకు తరగతిలో అందరికంటే తక్కువ మాట్లాడిన విద్యార్థి పేరుతో మొదలుపెట్టండి.

నమస్కారం.