ఐదేళ్ళు చాలనుకుని కట్టిన ఓడలు

అందరికీ నమస్కారం. ఉన్నది తక్కువ టైమే కాబట్టి సోది లేకుండా మొదలుపెట్టేస్తాను.

ఆదరాబాదరాగా కట్టింది అట్టే కాలం నిలవదని మనకి గట్టి నమ్మకం. ఇంటి గురించి అదే అంటాం, ఫ్లైఓవర్ గురించీ అదే అంటాం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా చకచకా కట్టిన లిబర్టీ అనే సరుకు ఓడల సంగతి చూస్తే ఆ మాటలో సగమే నిజం ఉందనిపిస్తుంది, అదీ మనం అనుకునే సగం కాదు.

1941 నాటికి జర్మన్ సబ్‌మెరైన్లు అట్లాంటిక్‌లో సరుకు ఓడల్ని వరసపెట్టి ముంచేస్తున్నాయి. మునిగేవాటికంటే కట్టేవి ఎక్కువుంటే తప్ప బ్రిటన్‌కి తిండీ చేరదు, ట్యాంకులూ చేరవు. అప్పుడు ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో పుట్టిన ఒక సాదాసీదా డిజైన్‌ని అమెరికా తీసుకుని, తనకి తగ్గట్టు మార్చుకుని, 1945 లోపు 18 యార్డుల్లో 2,710 ఓడలు దింపింది. ఒక్కోటీ 134 మీటర్ల పొడవు, పదివేల టన్నుల పైచిలుకు బరువు మోస్తుంది, వేగం 11 నాట్లు, అంటే గంటకి సుమారు 20 కిలోమీటర్లు. అందం మాట ఎత్తకపోవడమే మంచిది, అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ కూడా వీటి రూపం చూసి పెదవి విరిచాడు. ఐదేళ్ళు పనిచేస్తే చాలనుకున్నారు.

బాల్టిమోర్‌లో కట్టిన మొదటి ఓడ ప్యాట్రిక్ హెన్రీకి ఎనిమిది నెలలు పట్టింది. తర్వాత సగటున ఆరు వారాలకి వచ్చేసింది. 1942 నవంబరులో రాబర్ట్ పియరీ అనే ఓడని ఐదు రోజులు కూడా నిండకముందే నీళ్ళలోకి వదిలారు. అది కాస్త ప్రచారం కోసం చేసిన పని, భాగాలన్నీ ముందే సిద్ధం చేసి పెట్టుకున్నారు. అయినా సరే! మన విశాఖ సింధియా యార్డులో జలఉష అనే ఓడకి 1946లో కీల్, అంటే అడుగున ఉండే వెన్నెముక లాంటి దూలం, వేస్తే, నెహ్రూ చేతుల మీదుగా అది నీళ్ళు తాకింది 1948 మార్చి 14న. విశాఖని తక్కువ చేయడం లేదు, ఓడ కట్టడానికి మామూలుగా ఎంత పడుతుందో చెప్తున్నాను, అంతే.

ఇక విరిగిన సంగతి. 1943 జనవరి 16 రాత్రి, అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో షెనెక్టడీ అనే ట్యాంకర్ నది రేవులో కట్టేసి ఉంది. ఇది లిబర్టీ కాదు, కానీ అదే కాలంలో అదే పద్ధతిలో వెల్డింగ్‌తో కట్టింది. తుఫాను లేదు, అలలు లేవు, బాగా చలి మాత్రం ఉంది. ఉన్నట్టుండి మైలు దూరం వినిపించేంత చప్పుడుతో డెక్ పగిలి, ఆ పగులు రెండు పక్కలా దాదాపు అడుగు దాకా దిగింది. ముక్కూ తోకా నది అడుగున ఆనాయి, నడుము నీటిపైకి లేచింది. అదే ఏడాది నవంబరులో అలాస్కా వైపు అల్యూషన్ దీవుల దగ్గర జాన్ గెయిన్స్ అనే లిబర్టీ ఓడ రెండు ముక్కలై పదిమంది చనిపోయారు.

అందరూ ముందు వెల్డర్ల మీద పడ్డారు. కొత్తగా పని నేర్చుకున్నవాళ్ళు, అందులో చాలామంది ఆడవాళ్ళు, నిందించడం తేలిక కదా. నాసి వెల్డింగ్ అక్కడక్కడా ఉన్నమాట నిజమే. కానీ కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టెన్స్ టిప్పర్ అనే లోహశాస్త్రవేత్త ఆ ఉక్కు ముక్కల్ని పరీక్షించి చూస్తే అసలు దొంగ బయటపడింది. మామూలు వేడిలో సాగే ఉక్కు, ఒక స్థాయి కంటే చల్లబడితే గాజులా పెళుసుబారిపోతోంది, ఉత్తర అట్లాంటిక్ నీళ్ళు సరిగ్గా ఆ చలిలోనే ఉంటాయి.

దానికి తోడు ఆకారం. సరుకు దించే హాచ్‌లకి నలుచదరపు మూలలు పెట్టారు. బట్టల కొట్టులో కొలిచాక కత్తెరతో చిన్న గాటు పెట్టి చర్రున చింపుతారు చూడండి, ఆ మూల ఇక్కడ ఆ గాటు పని చేసింది. రేకుల్ని రివెట్లతో, అంటే మేకుల్లాంటి ఇనప బందులతో, బిగించిన పాత ఓడలో పగులు ఒక రేకు అంచు దాకా వచ్చి అక్కడితో ఆగేది. అంతా ఒకటే అతుకుగా ఉన్న ఓడలో ఆగడానికి చోటే లేదు. చెప్పుకోదగ్గ పగుళ్ళు దాదాపు 1,500 దాకా లెక్కకొచ్చాయి. మందు మాత్రం చాలా చవక: మూలల్ని గుండ్రం చేశారు, డెక్ మీద పొడవునా కోసి, రివెట్లతో పట్టీలు బిగించారు, అంటే పగులు ఆగే చోటు మళ్ళీ ఏర్పాటు చేశారు. ఆ షెనెక్టడీని కూడా అతికించి పంపితే 1962 దాకా తిరిగింది!

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం, ఇంజన్. టర్బైన్లూ వాటి గేర్లూ యుద్ధనౌకలకే చాలక, వీటికి మూడు సిలిండర్ల పాతకాలపు ఆవిరి ఇంజన్ పెట్టారు. కొత్తగా చూసేవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు, ఈ రోజుల్లో ఇదేంటని. కానీ దానికి మూత లేదు, దాపరికం లేదు. మనిషెత్తు రాడ్లు కళ్ళముందే పైకీ కిందకీ ఆడుతుంటాయి, నూనె పోసే మనిషి లయ చూసుకుని, తిరుగుతున్న బేరింగ్ మీద చెయ్యి తాకించి లాగేసుకుంటాడు, కాలితే నూనె తక్కువైందని లెక్క. అలాంటి దాన్ని ఏ రేవులోనైనా బాగుచేసుకోవచ్చు. యుద్ధమయ్యాక గ్రీకు ఓనర్లు ఈ ఓడలు వంద కొనుక్కుని తమ వ్యాపారాన్ని నిలబెట్టుకున్నారు. 1960ల్లో అవి మూలపడే వేళకి, వాటి చోటు నింపడానికి ఎస్‌డీ14 అనే కొత్త రకం వచ్చింది, అదీ సండర్లాండ్‌లోనే.

జెరెమయా ఓబ్రయన్ అనే లిబర్టీ ఓడ సంగతి తెలుసా? 1943లో కట్టారు, యుద్ధమయ్యాక 33 ఏళ్ళు కాలిఫోర్నియాలో మూలన పడి ఉంది, 1979లో తన ఆవిరితో తనే బయటికొచ్చింది. 1944లో మిత్రసేనలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన రోజు 50వ వార్షికోత్సవానికి, 1994లో సముద్రాలు దాటి అక్కడికి వెళ్ళొచ్చింది. ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది.

ఇంకో ఓడ ఎక్కువ కాలం నిలవడమే టెన్షన్. బాంబులు మోసుకొచ్చిన రిచర్డ్ మాంట్‌గోమరీ 1944 ఆగస్టులో ఇంగ్లండ్‌లో థేమ్స్ నది ముఖద్వారం దగ్గర ఇసుకలో కూరుకుని విరిగింది. సగం బాంబులే దించగలిగారు, ఇంకా 1,400 టన్నుల దాకా పేలుడు పదార్థాలు అందులోనే ఉన్నాయి. నీళ్ళపైకి కనబడే స్తంభాల బరువుకి కిందిది కూలుతుందేమోనని వాటిని కోసేస్తామన్నారు, కానీ ఆ పని వాయిదాల మీద వాయిదాలు పడుతోంది.

నేను చెప్పాల్సింది అయిపోయింది. వెల్డింగ్ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళే అడగండి.