నరాల తొడుగు గడ్డలు, మెటానెఫ్రిన్ పరీక్ష

సభకు నమస్కారం. నరాన్ని తొడుగులా చుట్టి ఉండే ష్వాన్ కణాల నుంచి పుట్టే ష్వానోమాలు, న్యూరోఫైబ్రోమాలు సాధారణంగా హార్మోన్లు తయారు చేయవు; కాబట్టి వాటిని పట్టిచ్చే హార్మోన్ పరీక్ష అంటూ లేదు. అయినా పొట్ట వెనుక, వెన్నెముక పక్కన అలాంటి గడ్డ స్కానులో కనిపించినప్పుడు, సూదితో ముక్క తీయడానికి ముందే రక్తంలో మెటానెఫ్రిన్లు (అడ్రినలిన్ జాతి హార్మోన్ల అవశేషాలు) చూడాలని నేను పట్టుబడతాను. ఎందుకంటే అదే చోట పెరిగే పారాగాంగ్లియోమా, అంటే అడ్రినలిన్ జాతి హార్మోన్లు వదలగల గడ్డ, స్కానులో అచ్చం ష్వానోమాలాగే ఉండవచ్చు, దాన్ని తెలియక పొడిస్తే రక్తపోటు ప్రాణాపాయస్థాయికి ఎగబాకవచ్చు.

మరి అడ్రినలిన్‌నే నేరుగా కొలవవచ్చు కదా అంటారు. గడ్డ ఆ హార్మోన్‌ను ఉండుండి వదులుతుంది. మనం రక్తం తీసిన వేళకు అది మౌనంగా ఉండవచ్చు. కానీ కణం లోపలి సంచుల నుంచి హార్మోన్ అనుక్షణం కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది, కారినదాన్ని అదే కణంలోని కామ్ట్ అనే ఎంజైమ్ మెటానెఫ్రిన్‌గా, నార్‌మెటానెఫ్రిన్‌గా మార్చేస్తుంది. ఈ ఎంజైమ్‌ను కనుగొన్న జూలియస్ ఆక్సెల్‌రాడ్ 1970 నోబెల్ బహుమతిని పంచుకున్నారు. హార్మోన్ దాక్కున్నా దాని అవశేషం దాక్కోలేదన్నమాట.

ఫలితం మామూలుగా ఉంటే, తల, మెడ ప్రాంతాల్లోని, హార్మోన్ వదలని మూగ గడ్డలను మినహాయించి, చాలావరకు నిశ్చింతగా ఉండవచ్చు. కొద్దిగా పెరిగినప్పుడే చిక్కు: కూర్చోబెట్టి రక్తం తీసినా, రోగి కొన్ని రకాల డిప్రెషన్ మందులు వాడుతున్నా ఆ మాత్రం పెరుగుతుంది. కనీసం 20 నిమిషాలు పడుకోబెట్టి తీయమనడం చాదస్తం కాదు.

నరాల తొడుగు గడ్డలకూ, పారాగాంగ్లియోమాలకూ బంధుత్వం ఉంది. పిండంలోని న్యూరల్ క్రెస్ట్ కణాలే రెండింటికీ మూలం. అడ్రినల్ గ్రంథిలో అడ్రినలిన్ తయారుచేసే క్రోమాఫిన్ కణాల్లో అధికభాగం ష్వాన్ కణాల పూర్వరూపాల నుంచే వస్తాయని ఎలుకల మీద జరిగిన పరిశోధన 2017లో చూపింది. 17వ క్రోమోజోములోని ఎన్‌ఎఫ్1 జన్యువు దెబ్బతిన్నవారిలో ఒంటినిండా న్యూరోఫైబ్రోమాలతో పాటు, కొద్దిమందిలో అడ్రినల్ గ్రంథిలో ఆ క్రోమాఫిన్ కణాల గడ్డ, ఫియోక్రోమోసైటోమా, కూడా వస్తుంది. అలాంటివారిలో మెటానెఫ్రిన్ బాగా పెరిగితే ఆ నేరం న్యూరోఫైబ్రోమా మీద మోపకుండా ముందుగా అడ్రినల్ గ్రంథులను వెదకాలి. గడ్డ అక్కడ దొరికితే, శస్త్రచికిత్సకు ముందు ఒకటి రెండు వారాలపాటు ఆల్ఫా బ్లాకర్లు ఇచ్చి రక్తపోటును అదుపులోకి తేవాలి. న్యూరోఫైబ్రోమా క్యాన్సరుగా మారుతున్నదా అన్న ప్రశ్నకు మాత్రం ఈ పరీక్ష జవాబు చెప్పదు. నొప్పి ఎక్కువైనా, గడ్డ గబగబా పెరిగినా పెట్ స్కాను, ఆపైన బయాప్సీ చేయవలసిందే.