ఆయన అడుగు ఆమె చేతిలో ఉంది

(నార్త్ కరోలినాలో తెలుగు పెద్దల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్నవాళ్ళు కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకోండి. చివర్లో మనకి ఈ మధ్యలో జాగా కావాలి. కంగారు పడకండి, బలవంతం ఏమీ లేదు.

నన్ను పిలిచినప్పుడు "ఆరోగ్యం గురించి ఏదైనా మాట్లాడండి మేడమ్" అన్నారు. తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఆరోగ్యం గురించి నాకేం తెలుసు? లెక్కలు కాకుండా నాకు తెలిసింది ఇంకొక్కటే, షాగ్ డ్యాన్స్. దాని గురించే మాట్లాడతాను. నవ్వొస్తే నవ్వేయండి, మా అమ్మాయి కూడా నవ్వింది.

ఆరేళ్ళ కిందట అది నన్ను యోగా క్లాసుకని సీనియర్ సెంటర్‌లో దింపి ఆఫీసుకి వెళ్ళిపోయేది. యోగా పదింటికి అయిపోయేది, అది వచ్చేసరికి పన్నెండు. పక్క హాల్లో పాటలు వినిపిస్తుంటే తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. డెబ్భై, ఎనభై ఏళ్ళవాళ్ళు జంటలుగా ఒక్క చేయి పట్టుకుని ఉన్నారు. నెత్తిన నీళ్ళ బిందె ఉన్నట్టు నడుం పైన ఏదీ కదలదు. కాళ్ళు మాత్రం నేలని వదలకుండా జారుతున్నాయి. డ్యాన్స్ అంటే మన పెళ్ళి సంగీత్‌లలో చేతులు పైకెత్తి ఎగరడమే అనుకున్నదాన్ని, అలా నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. మూడో వారం ఒక పెద్దాయన వచ్చి చేయి చాపారు. ఎనభై దాటి ఉంటాయి. కాదంటే బాగుండదని పట్టుకున్నాను. పిల్లాడి చేత రోడ్డు దాటించేటప్పుడు పట్టుకుంటామే, అలా బొటనవేలు బిగించి. ఆయన ఏమీ అనలేదు. రెండో చేత్తో నా బొటనవేలిని మెల్లగా విప్పి పక్కన పెట్టారు. వేళ్ళు నాలుగూ కొక్కెంలా ఆనాలి, అంతే. అదే నా మొదటి పాఠం.

ఇది కరోలినా షాగ్. స్వింగ్ డ్యాన్సుల కుటుంబంలోది. ఆ కుటుంబానికి ఇంటిపేరు తెచ్చింది న్యూయార్క్‌లోని హార్లెమ్. అక్కడ 1926 మార్చిలో సవాయ్ బాల్‌రూమ్ తెరిచారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే నేల మీద డ్యాన్స్ చేసిన చోటు అది. దేశంలో చాలాచోట్ల ఒకే బల్ల మీద కూర్చోనివ్వని రోజులవి. లిండీ హాప్ అనే ఎగిరి చేసే జంట డ్యాన్స్ పెరిగింది అక్కడే. మన కరోలినా తీరంలోకి వచ్చేసరికి వేగం తగ్గింది, ఎగరడం పోయింది, అది షాగ్ అయింది.

ఎలా వచ్చిందన్నది కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే క్లబ్బుల్లో ఈ కథ సగమే చెబుతారు. సముద్రం, వేసవి సెలవులు, కాలేజీ కుర్రాళ్ళు అని మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. ఆ కుర్రాళ్ళు పాటలు విన్నది, అడుగులు చూసింది నల్లవాళ్ళ క్లబ్బుల్లో. సౌత్ కరోలినాలోని మర్టిల్ బీచ్‌లో కార్వర్ స్ట్రీట్ మీద చార్లీ ఫిట్జెరాల్డ్ అనే నల్లాయన నడిపిన చార్లీస్ ప్లేస్ అలాంటిది. తెల్ల కుర్రకారు కూడా వెళ్ళి అక్కడ డ్యాన్స్ చేసేవాళ్ళు. 1950 ఆగస్టు 26 రాత్రి కు క్లక్స్ క్లాన్ అనే తెల్ల దురహంకారుల ముఠా వాళ్ళు దాని మీద పడి కాల్పులు జరిపారు, ఫిట్జెరాల్డ్‌ని ఎత్తుకెళ్ళి కొట్టారు. ఈ డ్యాన్స్‌ని కాపాడుతున్నాం అనేవాళ్ళు ఆ రాత్రిని వదిలేసి కాపాడితే ఎలా? మా క్లాసులో కొత్తవాళ్ళు వస్తే ఈ సంగతి నేను చెబుతాను. కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వండి.

తర్వాత చట్టాలూ వచ్చాయి. 1984లో సౌత్ కరోలినా షాగ్‌ని రాష్ట్ర నాట్యం చేసింది. మన నార్త్ కరోలినా కూడా 2005లో గుర్తించింది. సంతోషమే. కానీ గెజిట్‌లో ఎక్కించినంత మాత్రాన ఎవరి కాలూ కదలదు. ఆ పని చేసింది పాత స్నేహితులు. కుర్రతనంలో ఓషన్ డ్రైవ్ బీచ్‌లో తిరిగినవాళ్ళు 1980లో మళ్ళీ ఒకచోట కలుద్దాం అనుకున్నారు. అదే ఎస్.ఓ.ఎస్., అంటే సొసైటీ ఆఫ్ స్ట్రాండర్స్, అనే వేడుకగా మారింది. ఇప్పటికీ నార్త్ మర్టిల్ బీచ్‌లో జరుగుతుంది. నేనొకసారి వెళ్ళాను. ఫ్యాట్ హెరాల్డ్స్ క్లబ్బులో జనం తిరనాళ్ళలా ఉన్నారు, జుట్టు మాత్రం ఎటు చూసినా తెలుపే.

నాకు దిగులు పుట్టింది కూడా అక్కడే. వీళ్ళు పోతే?

వీడియోలున్నాయి కదా అంటారు. లిండీ హాప్ సంగతి చూడండి. ఫ్రాంకీ మానింగ్ అని ఒకాయన, 1914లో పుట్టారు. 1935లో సవాయ్‌లో పోటీ జరుగుతుంటే జోడీని వీపు మీదుగా గాల్లోకి తిప్పి దింపారు. అంతకుముందు ఆ నేల మీద ఎవరూ చేయని పని అది. 1941 నాటి హెల్జపాపిన్ సినిమాలో ఆయన బృందం చేసిన డ్యాన్స్ చూస్తే ఈనాటికీ ఊపిరి ఆగుతుంది. యుద్ధం వచ్చింది, సంగీతం మారింది, ఆయన పోస్టాఫీసు ఉద్యోగంలో చేరి మూడు దశాబ్దాల పాటు ఉత్తరాలు చూసుకున్నారు. 1980ల్లో కాలిఫోర్నియాలోనూ స్వీడన్‌లోనూ కొందరు కుర్రాళ్ళు పాత సినిమాల ముక్కల్ని వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి నేర్చుకోవాలని చూశారు. అడుగులు వచ్చాయి. అయినా ఏదో తక్కువైంది. చివరికి ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళారు. 1986లో, డెబ్భై రెండేళ్ళ వయసులో, ఆయన మళ్ళీ నేర్పడం మొదలుపెట్టారు. 2009లో, తొంభై అయిదుకి నెల రోజుల ముందు, పోయేదాకా ఆపలేదు. పుట్టినరోజున ఎన్నేళ్ళు నిండితే అంతమంది ఆడవాళ్ళతో వరుసగా డ్యాన్స్ చేసేవారు.

సినిమా ఉండగా ఆయన ఎందుకు కావాల్సి వచ్చారు? కెమెరా పట్టుకున్నది ప్రదర్శనని. శనివారం రాత్రి మామూలు మనిషి ఇంకో మామూలు మనిషితో ఎలా డ్యాన్స్ చేసిందీ సినిమాలో లేదు. జోడీ చేతిని ఎంత గట్టిగా పట్టుకోవాలో ఏ సినిమా చూపిస్తుంది?

పెద్దవాళ్ళని అడిగితే చెప్పగలరా అంటే, అదీ కష్టమే. నా బొటనవేలు విప్పిన పెద్దాయన్ని, "నన్ను ఇప్పుడు ఎలా తిప్పారు?" అని అడిగితే, "నేను తిప్పలేదే, నువ్వే తిరిగావు" అన్నారు. అడుగులు లెక్కపెట్టి చూపించమంటే తడబడ్డారు. ముగ్గు వేస్తున్న చేతిని పట్టుకుని ఇది ఎన్నో గీత అని అడిగినట్టయింది. అందుకని క్లాసులో ఆయన డ్యాన్స్ చేస్తుంటే నేను పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒకటిన్ రెండు, మూడున్ నాలుగు, అయిదు, ఆరు. ఆరు తాళపు దెబ్బల్లో ఎనిమిది అడుగులు. పాటేమో ఎనిమిదేసి దెబ్బలుగా సాగుతుంది. ఆది తాళం మీద ఆరక్షరాల ముక్కని పదే పదే పాడుతున్నట్టు ఉంటుందన్నమాట. 24వ దెబ్బ దాటాక మళ్ళీ రెండూ ఒకేసారి మొదలవుతాయి. ఈ లెక్క తేలిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతోనే లెండి.

ఇప్పుడు అసలు సంగతి. మా క్లాసులో ఆడవాళ్ళు ఎక్కువ, మగవాళ్ళు తక్కువ. ఏటా ఇంకా తగ్గుతున్నారు. ఎందుకో మీకు తెలుసు. లీడ్ చేసేది, అంటే జోడీని నడిపించేది, మామూలుగా మగవాళ్ళు. కాబట్టి లీడ్ అనే విద్య వాళ్ళతోపాటు వెళ్ళిపోతోంది. రెండేళ్ళ కిందట టీచరు నన్ను లీడ్ నేర్చుకోమన్నారు. అప్పుడే ఒకావిడ మళ్ళీ క్లాసుకి వచ్చారు. భర్త పోయి ఎనిమిది నెలలైంది. నలభై ఏళ్ళకి పైగా ఇద్దరూ కలిసి షాగ్ చేశారు. వచ్చి గోడ పక్కన కూర్చునేవారు. ఒకరోజు నేను చేయి చాపాను.

సగం పాటకే ఆగిపోయారు. "తొందరపడుతున్నావు. ఇక్కడ ఆయన ఆగేవాడు," అన్నారు. అయిదో దెబ్బ దగ్గర. ఎంతసేపు ఆగాలి అన్నాను. జవాబు లేదు. నా చేతిని పట్టుకుని, నేను వెనక్కి అడుగు వేయబోతుంటే చిన్నగా నిలిపారు. అర క్షణం కూడా ఉండదు. అది నా మోచేతికి తెలిసింది, బుర్రకి తెలియలేదు. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన వీడియో ఒక్కటీ లేదు. కానీ ఆయన లీడ్ మొత్తం ఆవిడ కుడిచేతిలో ఉంది, ఎక్కడ ఆగేవాడో, ఎక్కడ వదిలేసేవాడో. ఫాలో అయినవాళ్ళ దగ్గర లీడ్ భద్రంగా ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది. వారం వారం ఆవిడ నన్ను దిద్దారు. ఒక మంగళవారం పాట పూర్తయ్యేదాకా ఏమీ అనలేదు. వెళ్ళి కూర్చుని, నీళ్ళు తాగి, "ఇంకొంచెం ఆలస్యంగా," అన్నారు.

అందుకే ముసలివాళ్ళకి డ్యాన్స్ నేర్పడమంటే వాళ్ళకి కాలక్షేపం కల్పించడం అనుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక చోట చూశాను, కుర్చీల్లో కూర్చోబెట్టి, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడుతూ చప్పట్లు కొట్టిస్తున్నారు. కుర్చీ కావాల్సినవాళ్ళకి కుర్చీ వేయాల్సిందే. కానీ వాళ్ళ దగ్గర మనం తీసుకోవాల్సింది ఉందని గుర్తుంటే గొంతు అలా రాదు.

ఒంటికి తగ్గట్టు మార్చుకోవడం మాత్రం తప్పదు. భుజం పట్టేసినవాళ్ళని చేతి కింద నుంచి తిప్పం, చేయి కిందుగా వదిలి నడుం వెనక నుంచి అందుకుంటాం. తల తిరిగేవాళ్ళకి సగం తిప్పుడు చాలు. చెప్పుల సంగతి నేను అనుభవంతో చెబుతున్నాను. వాకింగ్‌కి వేసుకునే రబ్బరు సోలు బూట్లతో తిరగబోతే కాలు నేలకి అతుక్కుపోయింది, మోకాలు మాత్రం తిరిగింది. ఆరు వారాలు మంచం. నున్నటి తోలు సోలు కావాలి.

ఆరోగ్యం గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని సుమారు అయిదేళ్ళు గమనించి 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. శారీరక వ్యాపకాల్లో డ్యాన్స్ ఒక్కదానికే డిమెన్షియా ముప్పు తక్కువగా ఉండటంతో సంబంధం కనిపించింది. డ్యాన్స్ వల్ల మతి నిలిచిందా, మతి బాగున్నవాళ్ళే డ్యాన్స్‌కి వెళ్ళారా అన్నది ఆ లెక్క తేల్చదు. లెక్కల టీచర్ని, ఆ మాట మింగలేను.

ఇక మొహమాటం. మన కోలాటంలో కర్ర కర్రకి తగులుతుంది, చేయి చేతికి తగలదు. పరాయివాళ్ళ చేయి పట్టుకోవడమా అని నాకూ నెల రోజులు నలిగింది. అందుకే తువ్వాళ్ళు మడిచి తెచ్చాను. చెరో కొసా పట్టుకుంటే చాలు. తువ్వాలు లాగినా, వదులైనా వెంటనే తెలిసిపోతుంది. నిజానికి అది చేతి కంటే మంచి టీచరు.

పాట నెమ్మదిదే. ఒక పాట నిలబడి, ఒక పాట కూర్చుని. బీపీ మాత్ర వేసుకున్నవాళ్ళు గబుక్కున లేవకండి. నీలం శాలువా అన్నయ్యగారూ, మీరు రండి. వదినగారు నవ్వుతున్నారు, అంటే అనుమతి దొరికినట్టే. నేను లీడ్, మీరు ఫాలో. మీ కుడిచేయి ఇవ్వండి. ఆ బొటనవేలు వదిలేయండి.