క్యారెట్‌కి కాళ్లు ఎందుకు మొలుస్తున్నాయి?

(చేతిలో క్యారెట్, కెమెరాకి బాగా దగ్గరగా)

నమస్కారమండి. ఇదిగో, ఒక్క క్యారెట్‌కి మూడు కాళ్లు. ఇలాంటి ఫోటోలు పంపి చాలామంది ఒకటే అడుగుతున్నారు: "వారం వారం వేపనూనె కొడుతున్నామండి, అయినా ఇలాగే వస్తోంది. విత్తనం మంచిది కాదా?" పాపం, విత్తనాన్ని ఏమీ అనకండి. మీరు మందు కొడుతున్నది ఆకు మీద. దొంగ ఉన్నది మట్టిలో.

ఇంకొందరు విదేశీ వీడియోలు చూసి మడి చుట్టూ వల కడుతున్నారు, మధ్యలో ఉల్లి నాటుతున్నారు. అదంతా క్యారెట్ ఈగ కోసం. అది యూరప్ లాంటి చల్లటి చోట్ల బెడద. మన గోదావరి డెల్టా పెరట్లో దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆ వల డబ్బులతో వేపపిండి, అంటే వేపగింజల నూనె తీశాక మిగిలే పిండి, కొనుక్కోండి.

(క్యారెట్ తిప్పి చూపిస్తూ)

ఈ సన్న వేర్ల మీద ఆవగింజల్లా బుడిపెలు కనిపిస్తున్నాయా? ఇది నులిపురుగు పని. కడుపులో ఉండేది కాదండి, మట్టిలో ఉండి వేర్లని పట్టే నెమటోడ్. కంటికి కనపడనంత చిన్నది. బుడిపెలు లేకుండా ఒట్టిగా చీలిందంటే మట్టిగడ్డో, మాగని పెంటో కారణం. ముందు ఈ తేడా చూడండి, తర్వాతే మందు సంగతి.

మన గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆయన కుర్చీలోంచి లేవరు, వంటింట్లో పొయ్యి ఆరదు. నులిపురుగు అచ్చం అంతే. వేరు కొసలోంచి లోపలికి వెళ్లి ఒకచోట కూర్చుంటుంది. చుట్టూ ఉన్న కణాల్ని పెద్దవిగా ఉబ్బించి, వాటినే తన వంటిల్లు చేసుకుంటుంది. మనకి కనిపించే బుడిపె ఆ వంటిల్లే. క్యారెట్‌కి చేరాల్సిన తిండి అటు మళ్లుతుంది. కొస దెబ్బతినేసరికి వేరు పక్కలకి చీలుతుంది, అవే ఈ కాళ్లు. అల్లుడు పండగ అయ్యాక వెళ్లిపోతారు. ఇది వెళ్లదు. వందల గుడ్లు పెడుతుంది, వెచ్చటి నేలలో నెల తిరిగేసరికి ఇంకో తరం దిగుతుంది. క్యారెట్ మనకి చేతికొచ్చేది తొంభై, వంద రోజులకి. లెక్క మీరే వేసుకోండి.

అసలు ఇది మన పెరట్లోకి ఎక్కడినుంచి వచ్చింది? చాలాసార్లు మనమే పిలుస్తాం. క్యారెట్‌కి గుల్లగా ఉండాలని లంక మట్టి, అంటే గోదావరి మధ్య దిబ్బల మీది మట్టి, తోలిస్తాం. మంచి మట్టే, కానీ ఆ లంకలో నిన్నటిదాకా వంగ, టమాటా, అరటి ఉంటే వాటి వేర్లలోని అల్లుళ్లంతా ట్రాక్టరెక్కి వచ్చేస్తారు. కోనసీమలో అరటి లేని పెరడు ఉంటుందా? ఆ అరటి పక్కనే క్యారెట్ మడి వేస్తాం. అరటి, బెండ, వంగ, ఇవన్నీ దానికి అత్తారిళ్లే. పైగా క్యారెట్‌కి నచ్చే గుల్ల నేలే దానికీ నచ్చుతుంది.

మరి ఏం చేయాలి? మొదటిది, నాకు బాగా కలిసొచ్చింది, వరిచేని మట్టి. నెలల తరబడి నీళ్లు నిలిచిన నేలలో ఈ పురుగు బాగా తగ్గుతుంది. అయితే ఒట్టి చేని మట్టి జిగట, అందులో క్యారెట్ దిగదు. నేను సగానికి సగం ఇసుక కలిపి, బాగా మాగిన పశువుల ఎరువు వేస్తాను.

రెండోది బంతి. మడి మూలకి రెండు మొక్కలు పెట్టి ఊరుకుంటే లాభం లేదండి. బంతి వేర్లలోకి వెళ్లిన పురుగుకి అక్కడ వంటిల్లు కుదరదు. కుర్చీ వేసి విస్తరి వెయ్యని ఇల్లు అన్నమాట. అందుకని క్యారెట్ వేసే మడి నిండా ముందు బంతే ఉండాలి, కనీసం రెండు నెలలు. మనకి లెక్క సరిగ్గా సరిపోతుంది. వానాకాలంలో నాటితే దసరాకీ, దీపావళికీ పూలు. తర్వాత పీకేసి నవంబరులో క్యారెట్.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. వేపపిండి చదరపు మీటరుకి 200 గ్రాములు, విత్తడానికి రెండు మూడు వారాల ముందే మట్టిలో కలపాలి. ఏప్రిల్, మే ఎండల్లో మడి తడిపి, తెల్లటి పారదర్శక ప్లాస్టిక్ షీటు నేలకి అంటుకునేలా పరిచి, అంచులు మట్టితో మూసి నెల పైన వదిలేయండి. నల్ల షీటు వద్దు, అంత వేడి దిగదు. మడిలో పురుగుందో లేదో అనుమానమైతే నాలుగు బెండగింజలు నాటి, ఐదారు వారాలకి పీకి వేర్లు చూడండి.

చీమలు విత్తనాలు మోసుకుపోతాయి, కాస్త ఎక్కువ చల్లుకోండి. నత్తలకి సాయంత్రం తడి గోనెసంచి పరిచి, పొద్దున్నే ఎత్తి ఏరేయండి. పందికొక్కు తిరిగే ఇంట్లో మడి చుట్టూ ఇనుప జాలీ అడుగు లోతుకి దింపాల్సిందే.

బుడిపెలున్న వేర్లు కంపోస్టులో వేయకండి, ఎండబెట్టి కాల్చేయండి. ఆ మడిలో వాడిన పారని, మీ కాళ్లని శుభ్రంగా కడుక్కున్నాకే పక్క మడిలోకి వెళ్లండి. ఉంటానండి.